మూడువందల గజాల తోట

ఉగాది సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం వారు ఫోను చేసినప్పుడు నేను క్లాంగ్ పట్టణంలో పొద్దుటి సంతలో, ఒక చేత్తో మునగకాడల కట్ట, ఇంకో చేత్తో తడిసిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. వైద్యం మీద రాయమని వారి ఉద్దేశం. మధుమేహం, రక్తపోటు, మనవాళ్ళు తినవలసినవి, తినకూడనివి. అలాంటి వ్యాసాలు ఇంతకుముందు రెండు రాశాను. అవి చదివి ఎవరైనా అన్నం తగ్గించిన దాఖలాలు లేవు. అందుచేత ఈసారి నేను నిలబడి ఉన్న ఆ సంత గురించే రాస్తానన్నాను. వారు కాస్త సందేహించి, "సరే డాక్టరుగారూ, చరిత్ర కూడా కొంచెం కలపండి" అన్నారు. కలపవలసిన అవసరం రాలేదు. అక్కడ ఉన్నదంతా చరిత్రే.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు మొదట ఏసీ సూపర్‌మార్కెట్టుకే వెళతారు. నేనూ అంతే. ఏడాది పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టిన బెండకాయలు తిన్నాను. తర్వాత ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు, "డాక్టర్, పసార్‌కి వెళ్ళండి, తెల్లారి ఆరింటికల్లా వెళ్ళండి" అని చెప్పి పుణ్యం కట్టుకుంది. పసార్ అంటే సంత. పర్షియను వారి 'బజార్' ఓడలెక్కి మలయా భాషలోకి వచ్చి పసార్ అయింది. దుకాణాన్ని ఇక్కడ కెడై అంటారు. అది తమిళుల 'కడై'. బెండకాయ 'బెండి', బీరకాయ 'పెతోలా'. ఈ రెండు పేర్లూ మన దేశపు నేల వాసన ఉన్నవే. తోటకూర 'బాయమ్', కాకరకాయ 'పెరియా', తూటికూర 'కంకుంగ్'. మన ఊళ్ళలో చెరువుగట్టున పెరిగే తూటికూరను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ రొయ్యల ముద్ద వేసి వేయించి హోటళ్ళలో వడ్డిస్తారు. జ్ఞాపకశక్తికి మంచిదని మన పెద్దలు పిల్లలచేత మింగించే సరస్వతి ఆకు ఇక్కడ 'పెగాగా'. మలయావారు దాన్ని మందులా కాక పచ్చడితో నంజుకుని పచ్చిగానే తినేస్తారు.

చేపల వరుసకు వస్తే నాకు ఒక విషయం చెప్పకుండా ఉండబుద్ధి కాదు. మలేషియాలో సామాన్యుడి చేప 'కెంబుంగ్'. మన కోస్తాలో కానాగంతలు అంటాం, ఆ జాతి. దీనిలో ఒక రకానికి శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ రెండోమాట లాటినూ కాదు, గ్రీకూ కాదు, తెలుగు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండగా అక్కడి జాలర్లు తెచ్చిన చేపలకు బొమ్మలు వేయించి, వాళ్ళు చెప్పిన పేర్లే రాసుకుని, 1803లో రెండువందల చేపల మీద ఒక గ్రంథం వెలువరించాడు. ఆ గ్రంథంలోని పేరునే ఫ్రాన్సు దేశపు కువియే శాస్త్రనామంగా ఖాయం చేశాడు. అంటే క్లాంగ్ సంతలో ఐసు మీద పడుకున్న ఈ చేప మెడలో విశాఖ జాలరి కట్టిన చీటీ ఉన్నట్టే. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మనుషులు కూడా ఇదే సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు. వాళ్ళ పేర్లు మాత్రం ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు.

సంతలో ఆకుకూరల వరుస చివర, వర్షం నీరు కారే చూరు కింద, ఒక పెద్దావిడ గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. డెబ్భై అయిదేళ్ళుంటాయి. నాలుగైదు రకాల ఆకు, కొద్దిగా మునగాకు, అప్పుడప్పుడు గోంగూర. గోంగూర దొరికే చోటు గనక రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఆమె దగ్గరే కొన్నాను. మాటలన్నీ మలయా భాషలోనే. "బోలే కురాంగ్?" అంటాను, కొంచెం తగ్గించగలరా అని. ఆమె తల అడ్డంగా ఊపి, పైన నాలుగు రెబ్బలు కొసరు వేస్తుంది. ఒక ఆదివారం నా శ్రీమతి కట్ట తిప్పి చూస్తుంటే నేను తెలుగులో, "వద్దులే, ముదిరిపోయింది, రెండ్రోజుల కిందటి సరుకులా ఉంది" అన్నాను.

"ముదురు కాదు బాబూ, నిన్న సాయంత్రం కోసిందే" అంది ఆవిడ.

మేమిద్దరం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. రెండేళ్ళుగా నేను తెలుగులో ఆ కూరలకు పెట్టిన వంకలన్నీ గుర్తుకొచ్చాయి. "అమ్మా, మీరు తెలుగువారా? మరి ఇన్నాళ్ళూ పలకలేదేం?" అని అడిగాను. "మీరు పెద్దోళ్ళు కదా బాబూ, మా తెలుగు మీకు నచ్చుతాదో లేదో అని ఊరుకున్నాను" అంది. ఆ మాట నాకు ఇంకా మానలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఆమె తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడు. ఏ ఊరో ఆమెకు తెలియదు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో పనికి కుదిరాడు. ఆ ప్రాంతం ఇప్పటికీ కొబ్బరికీ, తెలుగువారికీ పేరుపొందింది. ఆమె పెళ్ళి చేసుకుని క్లాంగ్‌కు ఉత్తరాన కాపార్ వైపు రబ్బరుతోటకు వచ్చింది. ఆమె చెప్పినవి కొన్నీ, నేను చదివినవి కొన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మలయాకు కూలీలను తెచ్చింది ముఖ్యంగా కంగాణీ పద్ధతి. తోటలో పనిచేసే మేస్త్రీ తన ఊరికి వెళ్ళి, తన బంధువులనీ, కులంవాళ్ళనీ ఆశపెట్టి తీసుకొచ్చేవాడు. 1907లో ప్రభుత్వం ఇమ్మిగ్రేషన్ నిధి ఏర్పాటు చేసి ఓడ ఖర్చు తోటల యజమానుల చందాతో భరించడం మొదలుపెట్టింది. మద్రాసు దగ్గర ఆవడిలో ఒక శిబిరం, నాగపట్నంలో ఒక శిబిరం. అక్కడనుంచి ఓడ పెనాంగుకు, ఆపైన 1901లో తెరిచిన పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవుకు. ఇప్పుడు దాన్ని పోర్ట్ క్లాంగ్ అంటున్నాం. నేను కూరలు కొనే సంత ఆ రేవుకు ఎంతో దూరం లేదు. 1926 నుంచి 1973 దాకా ఈ దారిలో తిరిగిన 'రజులా' ఓడ పేరు ఇక్కడి పాత కుటుంబాల్లో ఇంటిమనిషి పేరులా వినబడుతుంది. తమిళులతో పోలిస్తే మనవాళ్ళు తక్కువే. 1931 జనాభా లెక్కల్లో మలయాలో తెలుగువారు ముప్పైవేల పైచిలుకు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసింది.

వచ్చినవాళ్ళు ఏం తిన్నారు? చరిత్ర గ్రంథాల్లో వేతనాలు, సమ్మెలు, మలేరియా గురించి చాలా ఉంటుంది. కూర గురించి తక్కువ. బియ్యం గురించి మాత్రం చాలా ఉంది. దానికి కారణం ఒక జబ్బు.

ఆ రోజుల్లో మలయాకు కావలసిన బియ్యంలో దాదాపు మూడింట రెండువంతులు బయటనుంచి వచ్చేది, బర్మానుంచి, సయామునుంచి. రంగూన్ రేవులో బస్తాలు మోసేవారిలో అధికభాగం తెలుగువారే. ఒడ్డుకు ఆవల తెలుగువాడు ఎత్తిన బస్తా ఈవల తెలుగువాడు విప్పుకుని వండుకున్నాడన్నమాట. భారతీయ కూలీలకు తోటల్లో సాధారణంగా దొరికింది ఉప్పుడు బియ్యం. తగరం గనుల్లో పనిచేసే చైనావారు సయాము నుంచి వచ్చే తెల్లటి, మరపట్టిన పచ్చిబియ్యం తినేవారు. ఆ చైనా కూలీలు బెరిబెరితో వేలసంఖ్యలో చనిపోయారు. కాళ్ళు మొద్దుబారి, వాచి, చివరకు గుండె ఆగి పోయేవారు. పక్కనే ఉన్న తమిళులకు ఆ జబ్బు రాలేదు. పల్లెల్లో దంపుడు బియ్యం తినే మలయావారికీ రాలేదు. వాళ్ళలోనే జైలుకు వెళ్ళి తెల్లబియ్యం తిన్నవాళ్ళకు మాత్రం వచ్చింది. సెరెంబాన్‌లో పనిచేసిన బ్రాడన్ అనే వైద్యుడు ఇదంతా గమనించి 1907లో ఒక పుస్తకం రాశాడు.

అంతకుముందే, 1905లో, కౌలాలంపూర్ మానసిక రోగుల ఆసుపత్రిలో విలియం ఫ్లెచర్ ఒక పరీక్ష పెట్టాడు. రోగులను వరుసగా నిలబెట్టి అంకెలు చెప్పించి, సరిసంఖ్యలవారిని ఒక వార్డుకు, బేసిసంఖ్యలవారిని ఇంకో వార్డుకు పంపాడు. ఒక వార్డుకు ఉప్పుడు బియ్యం, ఒక వార్డుకు తెల్లబియ్యం. ఒక్కోచోట నూటఇరవై మంది చొప్పున. ఏడాది తిరిగేసరికి తెల్లబియ్యం తిన్నవారిలో ముప్పైమందికి పైగా బెరిబెరి బారిన పడ్డారు, 18 మంది చనిపోయారు. ఉప్పుడు బియ్యం తిన్నవారిలో ఆ జబ్బుతో ఒక్కరూ పోలేదు. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ అటువంటి పరీక్షకు అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. నోరులేని రోగుల మీద జరిగింది అది. కాని దాని ఫలితం కాదనలేనిది. తర్వాత 1900లో స్థాపించిన ఇక్కడి వైద్య పరిశోధనా సంస్థకు చెందిన ఫ్రేజర్, స్టాంటన్‌లు నెగెరి సెంబిలాన్ అడవుల్లో రోడ్డు వేసే జావా కూలీల మీద మళ్ళీ పరీక్షించి చూశారు. బియ్యం మార్చితే జబ్బు కూడా ఒక బృందం నుంచి ఇంకో బృందానికి మారింది. ధాన్యం ఉడకబెట్టి ఎండబోసి దంచితే పైపొరలోని సారం గింజలోకి దిగుతుంది, మరపట్టినా పోదు. ఆ సారానికి విటమిన్ అనే జాతిపేరు 1912లో వచ్చింది. మనం ఇప్పుడు బి-1 అంటున్నది అదే.

ఇందులో తెలుగువారికి సంబంధించిన ఒక మెలిక ఉంది. వైద్యం చదివే రోజుల్లో పుస్తకంలో ఒక వాక్యంగా చదివి దాటేశాను. భారతదేశంలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఏదో తెలుసా? మన ఉత్తర సర్కారు జిల్లాలే. 1835లోనే మాల్కంసన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు దాని మీద ఒక గ్రంథం రాశాడు. 1920లలో మెక్‌కారిసన్, నారిస్‌లు మళ్ళీ పరిశోధించి, ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో లేని ఈ జబ్బు పచ్చిబియ్యం తినే సర్కారు జిల్లాల్లోనే ఎందుకున్నదో చూపారు. మల్లెపువ్వులాంటి తెల్లన్నం మన బలహీనత. అంటే తోటలో తమిళుల అలవాటును బట్టి దొర తెప్పించిన ఉప్పుడు బియ్యం మన తెలుగు కూలీలనూ కాపాడి ఉంటుంది, వాళ్ళకు అది ఇష్టం లేకపోయినా. పెద్దావిడ తాత బతికున్నన్నాళ్ళూ దాన్ని 'కంపుబియ్యం' అని తిట్టుకునే తిన్నాడట. "మా వూళ్ళో తెల్లన్నం తినీవోళ్ళం అని ఏడిసీవోడు బాబూ" అంది. ఆ తెల్లన్నం గురించి నాకు తెలిసింది ఆమెకు చెప్పాను. చాలాసేపు నవ్వింది.

ఇక కూర సంగతి. 1923 నాటి లేబర్ కోడ్‌లో ఒక నిబంధన ఉంది. కుటుంబంతో ఉన్న ప్రతి కూలీకీ సాగు చేసుకోవడానికి, పశువులు మేపుకోవడానికి ఎకరంలో పదహారో వంతు నేల కేటాయించాలి. ఇది చదివినప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. ఎకరం 4840 గజాలు. పదహారో వంతు 302 గజాల చిల్లర. మూడువందల గజాలు! హైదరాబాదులో మనవాళ్ళు ఏ వెంచరులో ప్లాటు కొన్నామని చెప్పినా సాధారణంగా వినబడే అంకె అది. మనం దాని మీద ఇల్లు కట్టి, అద్దెకు ఒక వాటా వేస్తాం. వాళ్ళు దానిమీద ఒక కుటుంబానికి సరిపడే కూర పండించాలి. చిత్రమేమిటంటే సంతలో తూకానికి వాడుతూ వచ్చిన పాత కాటీలో కూడా పదహారు భాగాలు, ఒక్కో భాగాన్ని 'తాహిల్' అంటారు. కాటీ అంటే ఆరువందల గ్రాముల పైచిలుకు. మన సేరూ, వీశె పోయినట్టే అదీ చట్టంలోంచి పోయింది గాని, ముసలివాళ్ళ నోట ఇంకా ఉంది.

నిబంధన ఉన్నంత మాత్రాన నేల ఉన్నట్టు కాదు. రబ్బరు చెట్ల నీడలో ఏదీ పండదు. కాబట్టి కూలీలకు ఇచ్చేది వాగు పక్కన బురదనేలో, లైన్ల వెనక మిట్టో అయ్యేది. తెల్లవారకముందే పాలు గీయడానికి వెళ్ళి, మధ్యాహ్నానికి బాల్చీలు అప్పజెప్పి వచ్చి, అప్పుడు ఈ నేల తవ్వుకోవాలి. అందులో మునగ, అరటి, వంగ, బెండ, ఆనప, తోటకూర, గోంగూర. కొందరు ఆవులను పెంచి పాలు దగ్గరి పట్టణంలో పోసేవారు. మిగిలిన కూర తలమీద పెట్టుకుని సంతకు. మన కూలీకుటుంబాల స్త్రీలు చేతికి సొంత డబ్బు చూసినది చాలాచోట్ల ఈ కూరగంపలోనే. దొరలు ఈ తోటలను తమ దయగా రాసుకున్నారు. నాకు అంత దయ కనబడదు. కూలీ తన కూర తాను పండించుకుంటే కూలి పెంచమని అడిగే అవసరం అంతమేరకు తగ్గుతుంది. ఆర్థిక మాంద్యానికి ముందు ప్రామాణిక వేతనం మగవారికి రోజుకు 50 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు. మాంద్యం రాగానే అది కోసేశారు. 1930-32 మధ్య లక్షమందికి పైగా భారతీయులను ఓడలెక్కించి తిరిగి పంపారు. మిగిలినవాళ్ళను కూరతోటలు వేసుకోమని ప్రోత్సహించారు. 1936 చివర భారత ప్రభుత్వం తరఫున వచ్చి పరిశీలించిన శ్రీనివాసశాస్త్రిగారు పాత వేతనాన్ని పునరుద్ధరించాలనీ, కంగాణీ పద్ధతి ఆపాలనీ సిఫారసు చేశారు.

తోటలో పండనిది తోట దుకాణంలో కొనాలి. బియ్యం, ఉప్పుచేప, నూనె, మిరపకాయలు, అన్నీ అప్పు. ఇక్కడ చిల్లరకొట్టు అప్పుపద్దు రాసే చిన్న పుస్తకానికి అట్ట మీద 555 అని అచ్చువేసి ఉండేది. అందుచేత అప్పుపుస్తకానికి 'బుకు తిగ లిమ' అనే పేరే స్థిరపడింది. తిగ అంటే మూడు, లిమ అంటే ఐదు. మూడు అయిదులన్నమాట. జీతంరోజున ఎంత వచ్చిందో కూలీకి తెలియదు, ఎంత పోయిందో దుకాణదారుకు తెలుసు. అదే దుకాణంలో తీయటి డబ్బాపాలు. 1939లో సిసిలీ విలియమ్స్ అనే పిల్లల వైద్యురాలు, క్వాషియోర్కర్ జబ్బును లోకానికి తెలియజెప్పిన ఆవిడ, సింగపూర్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చింది. తల్లిపాలు మాన్పించి ఈ డబ్బాపాలు అమ్మడం హత్యతో సమానమని వర్తకుల ముందే అనేసింది. ఇప్పటికీ తే తారిక్ తాగినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది. తాగడం మాత్రం మానలేదు.

1941 డిసెంబరులో జపాను సైన్యం కోటా బారులో దిగింది. బర్మా బియ్యం ఆగిపోయింది. దేశమంతా కర్రపెండలం మీద బతికింది. పూలతోటలు, ఆటస్థలాలు కూడా తవ్వి కర్రపెండలం నాటారు. తోటకూలీల్లో వేలాదిమందిని 1942-43లో సయాము-బర్మా రైలుమార్గానికి తోలుకుపోయారు. అందులో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. తిరిగిరానివాళ్ళు చాలామంది. పెద్దావిడ చిన్నతాత వాళ్ళలో ఒకడు. ఆమె ఇంట్లో కర్రపెండలం వండరు. "మాయమ్మ వొండనిచ్చీది కాదు" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

యుద్ధం తర్వాత 1948 నుంచి 1960 దాకా ఎమర్జెన్సీ. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి అందకూడదని ప్రభుత్వం సంతనూ, సంచినీ, కంచాన్నీ కూడా కాపలా కాసింది. అడవి అంచున కూరగాయలు పండించే చైనా రైతులను దాదాపు ఐదులక్షల మందిని తరలించి ముళ్ళకంచెల 'కొత్త గ్రామాల్లో' పెట్టారు. తోటల్లో కూలీల లైన్ల చుట్టూ కూడా కంచెలు వేశారు. దుకాణంలో డబ్బా కొంటే అక్కడికక్కడే దానికి కన్నం పొడిచి ఇచ్చేవారు, దాచి అడవికి పంపకుండా. పెద్దావిడ అత్త చెప్పేదట, పాలు గీయడానికి పొద్దున్నే గేటు దాటేటప్పుడు చద్దన్నం మూట ఉందేమోనని తడిమి చూసేవారని. ఆడపోలీసు లేని రోజున గంటసేపు చీకట్లో నిలబెట్టేవారని. కంచె అవతల ఉన్న కూరమడి చూడ్డానికి వీలులేక ఎండిపోయిందని. మడి పోయినందుకు అత్త ఏడ్చింది కాని, తడిమినందుకు ఎప్పుడూ ఏడ్వలేదని కూడా చెప్పింది.

తర్వాతి కథ మీరు కళ్ళతో చూస్తున్నదే. రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చింది. 1917లో క్వాలా సెలంగోర్ దగ్గర తెన్నమరం తోటలో వ్యాపారపు సాగుగా మొదలైన ఆ చెట్టు ఇప్పుడు విమానం దిగేటప్పుడు కనుచూపు మేర అదే. పట్టణాలకు దగ్గరి తోటలు ఇళ్ళస్థలాలయ్యాయి. 1990లలో కట్టడం మొదలైన పుత్రజయ కూడా పెరాంగ్ బెసార్ అనే రబ్బరుతోట మీద వెలసిందే. తోటతోబాటు లైనూ పోయింది, గుడీ పోయింది, ఆ పదహారోవంతు నేలా పోయింది. కూలీలు పట్టణపు అంచుల్లో చవక ఫ్లాట్లలోకి చేరారు. నాలుగో అంతస్తులో కూరమడి ఎక్కడ? సంతలు కూడా మారాయి. కౌలాలంపూర్‌లో 1888 నాటినుంచి చేపలు, కూరలు అమ్మిన సెంట్రల్ మార్కెట్టు 1980ల మధ్యలో చేతిపనుల బజారు అయింది. 1937 నాటి ఆ భవనాన్ని పడగొట్టకుండా కాపాడినందుకు సంతోషమే గాని, ఇప్పుడక్కడ తోటకూర దొరకదు. మరోపక్క ప్రభుత్వ వ్యవసాయ మార్కెటింగ్ సంస్థ 1985 నుంచి 'పసార్ తాని' పేరుతో రైతుసంతలు పెట్టించింది. మన రైతుబజార్లకు అవి అన్నలు. పద్నాలుగేళ్ళు పెద్ద.

గోంగూర సంగతి చెప్పకపోతే ఆంధ్రులు క్షమించరు. 1990లలో తెరెంగాను రాష్ట్రంలో ఎర్రగోంగూరను వ్యాపారపంటగా వేయించారు. ఎందుకు? ఆకు కోసం కాదు, పూవు రాలాక మిగిలే ఎర్రటి దొప్ప కోసం. దానితో షర్బత్ చేసి 'రిబెనా మలేషియా' అని ముద్దుపేరు పెట్టారు. ఆకు పారేస్తారు! ఆ తర్వాత పొగాకు రైతులను మళ్ళించడానికి గోగునార పంటను తెచ్చి, 2010లో దానికొక జాతీయ బోర్డు కూడా ఏర్పాటు చేశారు. శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరతరాలుగా పండించిన గోగు అది. ఆ జిల్లాలవాళ్ళ మనవలు ఈ దేశంలోనే ఉన్నారు. ఆ ఆకును ఏం చేయాలో వాళ్ళను ఎవరైనా అడిగారో లేదో. పెద్దావిడ గోంగూర విత్తనం మాత్రం బోర్డుది కాదు. "మాయమ్మ కాలం నుంచీ ఇత్తనం దాసుకుంతన్నాం" అంది. నేను అడిగితే ఆమె మడి చూపించింది. ఫ్లాట్ల వెనక, హైటెన్షన్ తీగల కింద, మురుగుకాలువ పక్కన. వంద గజాలు కూడా ఉండదు. ఆ నేల ఆమెది కాదు. ఎవరైనా వచ్చి తియ్యమంటే తియ్యాలి. ఇప్పటికి రెండుసార్లు తీయించారు.

ఈ దేశంలో తెలుగు సంఘాలు పెట్టింది నాలాంటి డాక్టర్లు, ఇంజనీర్లు కాదు. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడినప్పుడు దానికి వెన్నెముక తోటల్లోని తెలుగు కుటుంబాలే. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ పునాది మీదనే. పెద్దావిడ భర్త తోట లారీలో ఆ సభలు చూడ్డానికి వెళ్ళి, రెండుపూటలా తెలుగు వంట తిని వచ్చి, ఏడాదిపాటు చెప్పుకున్నాడట. ఆలస్యంగా వచ్చిన మనం మన సంఘాల్లో మనమే ఉంటున్నాం. ఆమె మనవలు మలయా, ఇంగ్లీషు మాట్లాడతారు. ఇంట్లో తెలుగు వినేది ఆమె ఒక్కతే, అదీ ఫోనులో అక్కతో మాట్లాడినప్పుడు. మన సంఘం సభ్యత్వరుసుము ఎంతో ఆమె అడిగింది. చెప్పాను. తల ఊపి ఊరుకుంది, నేను ధర తగ్గించమన్నప్పుడు ఊపినట్టే. కొసరు వేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోయిన ఆదివారం ఉగాది సరుకుల కోసం వెళ్ళాను. మామిడికాయ ఇక్కడ ఎప్పుడూ దొరుకుతుంది. చింతపండు 'అసమ్ జావా'. బెల్లానికి బదులు గులా మెలాకా, కొబ్బరికల్లుతో కాచే తాటిబెల్లం లాంటిది. పచ్చడికి మన బెల్లం కంటే మంచి రంగు వస్తుందని నా అభిప్రాయం, మా అమ్మ ఒప్పుకోదు. వేపపువ్వే కష్టం. వేపను ఇక్కడ 'సెమంబు' అంటారు, చెట్లు ఎక్కువగా గుళ్ళ దగ్గరే. పెద్దావిడను అడిగాను. కాపార్ తోటలో అమ్మవారి గుడి వేపచెట్టు ఉండేదనీ, తోట అమ్మినప్పుడు కొట్టేశారనీ, దాని పిలకే ఒకటి తెచ్చి మడి గట్టున నాటితే ఇప్పుడు ఇంత అయిందనీ చెయ్యెత్తి చూపించింది.

"ఉగాది ఎప్పుడు బాబూ? మా ఇంట్లో కేలండర్లో తమిళ పండగే రాసుంటాది."

తేదీ చెప్పాను. ముందురోజు కోసి తెస్తానంది. మన సంఘంలో పచ్చడి అందరికీ చేస్తామనీ, ఆమె మనవలను తీసుకుని రావాలనీ, రుసుము సంగతి నేను మాట్లాడతాననీ అన్నాను. దానికి జవాబు చెప్పకుండా, "ఎంతమందికి కావాలి?" అంది.

"రెండువందల కుటుంబాలమ్మా."

ఆవిడ గోంగూర కట్టను నీళ్ళలో ముంచి గోనెపట్టా మీద పెడుతూ నవ్వింది. "చెట్టు ఒకటే బాబూ" అంది.